ఐస్‌క్రీమ్ కోను కొనే ముందు రేపర్ ఎలా చదవాలి

పర్లాకిమిడిలో మాది కిరాణా కొట్టు. ఒడియా పిల్లలు నన్ను మౌసీ అంటారు, మన పిల్లలు పిన్ని అంటారు. ఇద్దరూ డీప్ ఫ్రీజర్ మీదకి వంగి అడిగేది ఒకటే, "ఏది పెద్దది?" అని. పెద్దవాళ్లు మాత్రం "ఇందులో ఏటున్నాది, షుగరున్నోళ్లు తినొచ్చా?" అంటారు. రేపర్ మీద ఉన్నదంతా ఇంగ్లీషు, అదీ చీమ తలకాయంత అక్షరాల్లో. ఏ ముక్క ఎక్కడ వెతకాలో తెలిస్తే నిమిషంలో పని అయిపోతుంది.

ముందు పేరు చూడండి. బ్రాండు పేరు కాదు, సరుకు పేరు. "ఐస్‌క్రీమ్" అని ఉంటే అందులోని కొవ్వు పాలది. మామూలు ఐస్‌క్రీమ్‌లో పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలని రూలు. "ఫ్రోజెన్ డెజర్ట్" అని ఉంటే పాల కొవ్వుకు బదులు పామాయిల్ లాంటి వంటనూనె వాడారన్నమాట. అందులోనూ పాలపొడి ఉండొచ్చు కాబట్టి పాలు అసలే లేవనుకోకండి. నూనెదని భయపడక్కర్లేదు, వెన్నదని మురిసిపోనూ అక్కర్లేదు. పామాయిల్‌లో సగం దాకా గుండెకి మంచిది కాదనే సంతృప్త కొవ్వే, పాల కొవ్వులో అంతకంటే ఎక్కువ. నాకు ఒళ్లు మండేది ధర దగ్గర. నూనె సరుక్కి వెన్న ధర ఇవ్వడమెందుకు? రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

తర్వాత ఇంగ్రీడియెంట్స్. ఏది ఎక్కువ బరువు వేశారో దాని పేరే ముందు రావాలి. పంచదార రెండో మూడో పేరుగా కనిపిస్తే సంగతి అర్థమైనట్టే. కోనులో వాడినవి చాలా రేపర్ల మీద విడిగా ఉంటాయి: మైదా, పంచదార, నూనె, లెసిథిన్ (నీళ్లూ కొవ్వూ కలిపి ఉంచేది), ఉప్పు. లోపల నల్లటి పూత ఉంటుందే, అది రుచి కోసమే కాదు. ఐస్‌క్రీమ్ తడి తగిలితే కోను మెత్తబడిపోతుంది, ఆ తడిని ఆపేది ఈ పూతే. పూత కారి అడుక్కి చేరితే అదే పిల్లలు ఆఖర్న ఎగబడే చాక్లెట్ ముక్క. చాలాసార్లు అది అసలు చాక్లెట్ కాదు, కోకో పొడి, పంచదార, వనస్పతి కొవ్వు కలిపిన ముద్ద. అసలుదైతే కోకో బటర్ పేరు కనిపిస్తుంది.

ఇంగ్రీడియెంట్స్‌లో కొన్నింటికి పేరు బదులు వేసే నంబర్లు చూసి టెన్షన్ పడేవాళ్లున్నారు. 412 అంటే గ్వార్ గమ్, మనం కూర వండుకునే గోరుచిక్కుడు గింజల నుంచి తీసేదే. 471 నీళ్లూ కొవ్వూ విడిపోకుండా పట్టి ఉంచుతుంది. 322 లెసిథిన్, ఎక్కువగా సోయాది. నేను చూడమనేది 102, 110. ఈ రెండూ పసుపు, నారింజ రంగులిచ్చే సింథటిక్ రంగులు. మామిడి, బటర్‌స్కాచ్ కోనుల మీద వెతకండి. పసిపిల్లలకైతే అవి లేనిదే ఇస్తాను.

ఇక లెక్క. పోషకాల పట్టికలో అంకెలు సాధారణంగా 100 గ్రాములకి ఉంటాయి, కోను మీద పెద్దగా కనిపించేది మిల్లీలీటర్లు. ఐస్‌క్రీమ్‌లో గాలి కొడతారు కాబట్టి రెండూ ఒకటి కావు. లీటరు కనీసం 525 గ్రాములు తూగితే చాలు. అంటే 120 మిల్లీలీటర్లు 63 గ్రాములే కావొచ్చు. నెట్ క్వాంటిటీ దగ్గర గ్రాములు చూసి దాంతో లెక్కగట్టండి. 100 గ్రాములకి యాడెడ్ షుగర్ (విడిగా కలిపిన పంచదార) 20 అని ఉండి, కోను 70 గ్రాములైతే, మీ నోట్లోకి పోయేది 14 గ్రాములు, అంటే మూడు చెంచాలు. పక్కన ఉండే ఆర్‌డీఏ శాతం (రోజుకి తినదగ్గ దాంట్లో ఇది ఎంతో చెప్పేది) రోజుకి 2000 క్యాలరీలు తినే పెద్దమనిషికి, 50 గ్రాముల యాడెడ్ షుగర్‌ని ఆధారం చేసుకుని వేసింది. ఆరేళ్ల గుంటడికి అది పనికిరాదు.

మాకు రోజూ వచ్చే మాస్టారొకాయన మైదా మంచిది కాదని కోను పారేసి పైదంతా తింటారు. షుగరు తగ్గించుకోవాలంటే అది తిరకాసు పని. పూత లేని ఖాళీ షుగర్ కోను సుమారు 10 గ్రాములుంటుంది. అందులో 40 క్యాలరీలు, చక్కెర 3 గ్రాములకి అటూ ఇటూ. తీపంతా పైనే ఉంది మాస్టారూ అంటే నవ్వేస్తారు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడనివాళ్ల సంగతి వేరు. వాళ్లు కోను జోలికే పోకూడదు, దాన్ని తాకిన ఐస్‌క్రీమ్ జోలికీ పోకూడదు. పాలు, గోధుమ, సోయా, జీడిపప్పు, బాదం లాంటి పప్పుల అలర్జీ ఉన్నవాళ్లు ఇంగ్రీడియెంట్స్ కింద "కంటెయిన్స్" అన్న లైను తప్పక చూడాలి. గుడ్డు తిననివాళ్లకి పచ్చ చుక్క ఉంటే చాలు.

చివరికి చేత్తో చూడండి. సరుకు మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలి. మా వైపు వానాకాలంలో కరెంటు పోతూ వస్తూ ఉంటే కరిగి మళ్లీ గడ్డకట్టినవి తగులుతుంటాయి. పైభాగం ఒక పక్కకి వాలి మూతకి అంటుకున్నా, లోపల మంచు పలుకులు కనిపించినా, అడుగు నొక్కితే మెత్తగా ఉన్నా అక్కడే తిరిగిచ్చి వేరేది అడగండి. కొట్టువాళ్లు ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. నేనైతే మార్చే ఇస్తాను.