టెక్సాస్ రాంచ్‌లో జింక వేట ఎలా చేయాలి? కాల్చాక అరగంట కదలకండి

టెక్సాస్‌లో నూటికి 95 వంతుల నేల ప్రైవేటు వాళ్లదే. కాబట్టి ఇక్కడ జింక వేట అంటే చాలావరకు ఒకరి రాంచ్‌లో (పశువులు పెంచే పెద్ద భూమి), వాళ్ల అనుమతితో చేసేదే. నేను పన్నెండేళ్లుగా నవంబరు వచ్చిందంటే మధ్య టెక్సాస్‌లోని కొండల ప్రాంతం హిల్ కంట్రీలో లానో అనే ఊరి వైపు వెళ్తున్నాను. మనవాళ్లను కూడా చాలామందిని వెంట తీసుకెళ్లాను. గురి పెట్టడం అందరికీ త్వరగానే వస్తుంది. కాల్చాక ఏం చేయాలో మాత్రం ఎన్నిసార్లు చెప్పినా ఏటా ఎవరో ఒకరు పాడు చేస్తున్నారు. ఇది రాయడానికి కారణం అదే.

ముందే ఒక విషయం చెప్పాలి. ఇదంతా టెక్సాస్ సంగతి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడటం నేరం. తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక, ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక. ఎప్పుడో తెచ్చి వదలడం వల్ల ఆ రెండూ ఇక్కడి రాంచ్‌లలో కూడా కనిపిస్తాయి. ఈ నేలకు చెందినవి కావు కనుక వాటికి సీజన్ అంటూ ఏమీ లేదు, ఏడాది పొడవునా వేటాడతారు. నాకు మనసొప్పదు, వాటి జోలికి పోను. కింద చెప్పేదంతా ఇక్కడి తెల్లతోక జింక గురించే.

కాగితాల పని: వేట లైసెన్స్ తీసుకోండి, చంపిన జింకకు కట్టాల్సిన చీటీలు, అంటే ట్యాగ్‌లు, దానితోపాటే వస్తాయి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. హెచ్1బీ, ఎఫ్1 వంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఫెడరల్ చట్టం ప్రకారం వాళ్ల చేతిలో తుపాకీ ఉండకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవాళ్లకే మినహాయింపు. అందుకే లైసెన్స్ లేకుండా స్నేహితుడి రైఫిల్‌ను సరదాకి కూడా పట్టుకోవద్దు. అనుమానం ఉంటే ముందే లాయర్‌ను అడగండి.

రాంచ్ యజమాని దగ్గర అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. హద్దులు పగటిపూట ఆయనతోనే తిరిగి చూడండి. చెట్ల మీద, కంచె గుంజల మీద ఊదా రంగు గీతలు కనిపిస్తే అవతలికి వెళ్లకూడదని అర్థం. కొన్ని కౌంటీలలో (మన జిల్లాల్లాంటివి) మగజింక కొమ్ముల మధ్య వెడల్పు మీద నియమం ఉంటుంది, అదీ అడిగి తెలుసుకోండి. హద్దు అవతలి రాంచ్ వాళ్ల ఫోన్ నంబరు కూడా తీసుకోండి. అది ఎందుకో తర్వాత చెబుతాను.

సామాన్ల గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. .308 రైఫిల్ చాలు, దాని మీద గురి చూసే దుర్భిణిని, అంటే స్కోప్‌ను, 100 గజాలకు సరిచూసుకోండి. బైనాక్యులర్, కత్తి, గ్లవ్స్, తలకు కట్టుకునే లైటు, టాయిలెట్ పేపర్ చుట్ట ఒకటి, కారులో రెండు ఐస్ పెట్టెలు. నారింజ రంగు జాకెట్ వేసుకోవాలని ప్రైవేటు నేలలో చట్టం అడగదు. నాతో వచ్చేవాళ్లు మాత్రం వేసుకోవాల్సిందే.

తెల్లవారక ముందే మంచె ఎక్కండి. గాలి జింకలు వచ్చే వైపు నుంచి మీ ముఖానికి తగలాలి. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకు చట్టం ఒప్పుకుంటుంది. కానీ సాయంత్రం చివరి ఇరవై నిమిషాల్లో కాల్చకూడదు. ఆ వెలుతురులో గురి కుదిరినా, ఆ తర్వాత చీకట్లో నెత్తుటి జాడ పట్టడం కొత్తవాళ్ల వల్ల కాదు.

జింక పూర్తిగా పక్కకు తిరిగి నిలబడేదాకా ఆగండి. ముందరి కాలి వెనక గీతను పట్టుకుని పైకి రండి. పొట్ట అంచు నుంచి వీపు దాకా ఉన్న ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర గురి పెట్టండి. అక్కడ గుండె, ఊపిరితిత్తులు రెండూ ఉంటాయి. మెడ మీద కాలిస్తే మాంసం పాడవదని, అక్కడికక్కడే పడిపోతుందని కొందరు గొప్పగా చెబుతారు. మెడలో ప్రాణం తీసే చోటు చాలా చిన్నది, పైగా జింక తల ఒకచోట ఉండదు. రెండంగుళాలు తప్పితే గొంతు చీలిన జంతువు రోజుల తరబడి తిరిగి తిరిగి చస్తుంది. అలాంటిదాన్ని ఒకసారి కళ్లారా చూశాను. మెడ షాట్ కొడతానంటే ఎవరినీ వెంట తీసుకెళ్లను.

ఇక అసలు విషయం. ట్రిగ్గర్ నొక్కగానే ఇంకో తూటా ఎక్కించి, స్కోప్‌లో జింకనే చూస్తూ ఉండండి. వెనక కాళ్లు ఎగరేసి పరుగు తీస్తే గుండెకో ఊపిరితిత్తులకో తగిలినట్టు. వీపు వంచి, ముడుచుకుని మెల్లగా నడిచి వెళ్తే పొట్టలో తగిలినట్టు. అది చివరగా కనబడిన చెట్టునో రాయినో బాగా గుర్తుపెట్టుకోండి, ఫోన్‌లో ఫొటో తీయండి. ఆ తర్వాత గడియారం చూసుకుని అరగంట మంచె దిగకండి. ఎంత టెన్షన్‌గా ఉన్నా సరే.

గాయపడ్డ జింక వెనక ఎవరూ రావడం లేదనుకుంటే వందా నూట యాభై గజాల్లోనే పడుకుంటుంది, అక్కడే ప్రాణం పోతుంది. మనిషి అలికిడి వినిపిస్తే మిగిలిన ఓపికంతా కూడగట్టుకుని లేచి పరిగెడుతుంది. రెండోసారి లేచిన జింక దొరకడం కష్టం. నా రెండో ఏడాది మమ్మల్ని తీసుకెళ్లినాయన పది నిమిషాలకే "పద, పద" అన్నాడు. అరవై అడుగులు వెళ్లామో లేదో, పొదలోంచి లేచి కంచె దూకి పక్క రాంచ్‌లోకి పోయింది. యజమాని ఒప్పుకోకుండా కంచె దాటడం నేరం. ఆ రాంచ్ వాళ్ల నంబరు మా దగ్గర లేదు. తెల్లారాక అనుమతి దొరికి వెళ్లేసరికి కయోటీలు (నక్కల్లాంటి జంతువులు) సగం తినేశాయి. ఆ రాత్రంతా అది ఎంత యాతన పడిందో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అరగంట అయ్యాక, కాల్చినప్పుడు జింక నిలబడి ఉన్న చోటికి వెళ్లి నెత్తురు చూడండి. గులాబీ రంగులో నురగ ఉంటే ఊపిరితిత్తులు, ముందుకు వెళ్లొచ్చు. ముదురు ఎరుపులో ఉంటే కాలేయం. చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చి మూడు నాలుగు గంటలు ఆగండి. పచ్చగా గానీ గోధుమ రంగులో గానీ పసరులాంటిది ఉండి కంపు కొడితే పేగులు. అప్పుడు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆగాలి. టెక్సాస్ ఎండకు మాంసం పాడవుతుందని చాలామంది ఇక్కడే తొందరపడతారు. తొందరపడితే మాంసమూ దక్కదు, జింకా దొరకదు. శిక్షణ ఉన్న కుక్కతో జాడ పట్టే మనిషికి ఫోన్ చేయాల్సింది కూడా ఈ సమయంలోనే. మీరు నాలుగు వైపులా తొక్కి వాసన చెరిపేశాక కాదు.

జాడ మీద నడవకండి, దాని పక్కనే నడవండి. చివరి చుక్క దొరికిన ప్రతిచోటా టాయిలెట్ పేపర్ ముక్క తగిలించండి. చుక్కలు ఆగిపోతే వెనక్కి తిరిగి చూడండి, ఆ తెల్ల ముక్కల వరసే అది ఎటు పోయిందో చెబుతుంది. నేల మీదే కాదు, గడ్డి పరకల పక్కలకు, మోకాలి ఎత్తు ఆకులకు కూడా నెత్తురు అంటి ఉంటుంది. ఇక్కడి మెస్కీట్ పొదలు మన సర్కారు తుమ్మకు దాయాదులే, ముళ్లు చూసుకోండి. రాళ్ల సందుల్లో పాములుంటాయి, చెయ్యి పెట్టకండి.

జింక కనబడ్డాక వెనక వైపు నుంచి వెళ్లి పొడవాటి పుల్లతో కన్ను తాకండి. రెప్ప కదలకపోతేనే దగ్గరికి వెళ్లాలి. వెంటనే ట్యాగ్ రాసి కట్టండి, ఫొటోలు ఆ తర్వాతే. పేగు తెగకుండా పొట్ట చీల్చి లోపలివన్నీ తీసేయండి. చర్మం వలిచి, ముక్కలను ఐస్ మీద పేర్చి, కరిగిన నీళ్లు పోయేలా పెట్టె అడుగున బిరడా తీసి ఉంచండి. తూటా దిగిన చోటు చుట్టూ ఉన్న కండ ధారాళంగా కోసి పారేయండి. ఈ మాంసం అమ్మడం నేరం, పంచుకోవడమే. కొవ్వు ఒక్క పలుకు కూడా ఉంచొద్దు, వాసనంతా అందులోనే ఉంటుంది. తొడ కూరకి, వెన్ను పక్క కండ మిరియాల వేపుడుకి.