కంపెనీ కోరిన ట్రైనింగ్: యూనివర్సిటీలో మొదటి ఫోన్ నుంచి ఆఖరి బిల్లు దాకా

డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) హెచ్‌ఆర్ విభాగం నుంచి ఫోన్ వస్తుంది. "మా ఏడీఈలు (అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీర్లు) ముప్పై మందికి ఐదు రోజులు లీడర్‌షిప్ ట్రైనింగ్ కావాలి, కొటేషన్ పంపండి." అదే సాయంత్రం కొటేషన్ పంపేస్తే ఆ ఎండీపీ (మేనేజ్‌మెంట్ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్) సగం అక్కడే చెడుతుంది. లీడర్‌షిప్ అన్న మాటకు అర్థం, ట్రైనింగ్ అడిగిన హెచ్‌ఆర్ అధికారికి ఒకటి, వచ్చి కూర్చునే ఏడీఈకి ఇంకొకటి. తీరా మూడో రోజుకు క్లాసులో సగం మంది ఫోన్లలో ఉంటారు.

ముందు ఒక డీఈతో (డివిజనల్ ఇంజినీరు), నలుగురైదుగురు ఏడీఈలతో అరగంట చొప్పున విడివిడిగా మాట్లాడండి. "మీకేం నేర్పాలి?" అని అడిగితే పుస్తకాల్లో మాటలే వస్తాయి. "పోయిన మూడు నెలల్లో ఏ పని ఆగింది? ఎందుకు ఆగింది?" అని అడగండి. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ కోసం సెక్షన్ ఆఫీసు ముందు బైఠాయించిన రైతులతో ఎలా మాట్లాడాలో తెలియలేదనో, కాంట్రాక్టరు పని సాగదీస్తుంటే నోటీసు ఎప్పుడివ్వాలో తేల్చుకోలేకపోయామనో చెబుతారు. సిలబస్ అందులోంచే తీయాలి. తేదీలు కూడా అప్పుడే తేలతాయి. మార్చిలో పద్దులు ముగించే హడావుడి, ఆ తర్వాత ఎండాకాలం లోడు. ఆ నెలల్లో లైన్ మీద పనిచేసేవాళ్లను పిలిస్తే పేర్లు వస్తాయి, మనుషులు రారు. మొదటి మాట నుంచి మొదటి క్లాసుకు ఎనిమిది వారాలు పెట్టుకోండి.

ఇక లెక్క. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి అంకెలతోనే చూద్దాం. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఐదు రోజులు, ముప్పై మంది, రోజుకు గంటన్నర సెషన్లు నాలుగు, మొత్తం 20 అనుకోండి. రేట్లు ఉదాహరణకే, మీ ఊరివి వేసుకోండి. సొంత ఫ్యాకల్టీ 12 సెషన్లకు రూ.8,000 చొప్పున 96,000. బయటివాళ్లకు 8 సెషన్లకు రూ.15,000 చొప్పున 1,20,000, వాళ్లలో నలుగురి ప్రయాణాలకు 72,000. ప్రోగ్రామ్ డైరెక్టర్‌కు 40,000, కోఆర్డినేటర్‌కు 30,000. గదులు ఒక్కొక్కరికి ఆరు రాత్రులు, రోజుకు రూ.2,500 చొప్పున 4,50,000. భోజనాలు సిబ్బందితో కలిపి 33 మందికి రోజుకు రూ.900 చొప్పున 1,48,500. మెటీరియల్ 45,000, హాలు 75,000. మొత్తం రూ.10,76,500.

వచ్చిన ఫీజులో 30 శాతం యూనివర్సిటీ వాటా అని రూలు ఉందనుకోండి. చాలామంది ఖర్చు మీద 30 శాతం కలిపి రూ.13,99,450 అని కోట్ చేస్తారు. యూనివర్సిటీ తన వాటా తీసుకునేది ఖర్చు మీద కాదు, వచ్చిన డబ్బు మీద. అది పోగా చేతికి మిగిలేది 9,79,615, అంటే రూ.96,885 లోటు. ఖర్చును 0.70తో భాగించాలి: రూ.15,37,857. దాన్ని పైకి సరిచేసి 15,40,000 అని రాయండి.

రేటు బ్యాచ్‌కు ఇవ్వండి, తలకు కాదు. తలకు రూ.51,333 అని రాసి 22 మందే వస్తే ఆదాయం నాలుగు లక్షల పైచిలుకు పడిపోతుంది. గదులు, భోజనం, మెటీరియల్‌లో తగ్గేది మాత్రం మనిషికి రూ.21,000, ఎనిమిది మందికి 1,68,000. ప్రొఫెసర్ ఇరవై ఇద్దరికి చెప్పినా, ముప్పై మందికి చెప్పినా ఆనరేరియం (పారితోషికం) అదే. "ముప్పై మంది దాకా ఇంత, ఆపైన ఒక్కొక్కరికి ఇంత, పది రోజుల్లోపు వాయిదా వేస్తే ఇంత" అని ప్రపోజల్‌లోనే రాసి, వర్క్ ఆర్డర్‌లోకి ఎక్కేలా చూడండి. ఫోన్లో ఇచ్చిన మాట అకౌంట్స్ విభాగం దాకా పోదు.

పన్ను సంగతి. గుర్తింపు ఉన్న డిగ్రీ చదువుకు ఇచ్చే జీఎస్టీ మినహాయింపు ఇలాంటి ట్రైనింగ్‌కు వర్తించదు. 18 శాతం వేయాలి. ప్రభుత్వానికే నేరుగా ఇచ్చే శిక్షణలో ఖర్చు 75 శాతమో ఆపైనో ప్రభుత్వమే భరిస్తే మినహాయింపు ఉంది, కానీ డిస్కం కంపెనీ, ప్రభుత్వ శాఖ కాదు. 15,40,000 మీద జీఎస్టీ 2,77,200 కలిపి బిల్లు రూ.18,17,200. వృత్తిపరమైన ఫీజు కింద లెక్కేసి 10 శాతం ఆదాయపు పన్ను టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే మినహాయించుకునే పన్ను) పట్టుకుంటే 1,54,000 పోతుంది. కాంట్రాక్టు రెండున్నర లక్షలు దాటింది కాబట్టి ప్రభుత్వ రంగ సంస్థ 2 శాతం జీఎస్టీ టీడీఎస్, అంటే 30,800 కూడా పట్టుకుంటుంది. బ్యాంకులో పడేది రూ.16,32,400. ఇది ముందే తెలియని గుమాస్తా "తక్కువ వేశారు" అని నెల రోజులు ఉత్తరాలు రాస్తూ కూర్చుంటాడు. జీఎస్టీ టీడీఎస్‌ను జీఎస్టీ పోర్టల్‌లో అంగీకరిస్తేనే అక్కడి యూనివర్సిటీ ఖాతాలోకి, అంటే క్యాష్ లెడ్జర్‌లోకి వస్తుంది. దాన్ని మరచిపోవడం మామూలే.

వర్క్ ఆర్డర్ రాగానే ఫైనాన్స్ ఆఫీసులో ఈ కార్యక్రమానికి విడిగా ఒక హెడ్ (పద్దు) తెరిపించండి. లేకపోతే క్యాటరర్ అడ్వాన్సు కూడా కోఆర్డినేటర్ జేబులోంచే పోతుంది. ఫ్యాకల్టీ స్లైడ్లు పది రోజుల ముందే తెప్పించుకుని చూడండి. ఎంబీఏ రెండో సెమిస్టర్ స్లైడ్లే వస్తే మొహమాటపడకుండా తిప్పి పంపాలి. స్లైడ్లు ఇంగ్లీషులో ఉన్నా ఫర్వాలేదు, చర్చ మాత్రం తెలుగులోనే సాగాలి. రైతుతో మాట్లాడే రోల్‌ప్లేను ఇంగ్లీషులో చేయిస్తే అది నాటకంగానే మిగులుతుంది.

ఏడీఈల ఫోన్లు ఆపించాలని చూడకండి. ఫీడర్ ట్రిప్ అయితే (లైన్‌లో కరెంటు ఆగిపోతే) వాళ్లు ఎత్తి తీరాలి. పదకొండున్నరకు, నాలుగింటికి ఇరవై నిమిషాల చొప్పున ఫోన్ విరామం టైమ్‌టేబుల్‌లోనే పెడితే మిగతా గంటలు క్లాసు నిలుస్తుంది.

సర్టిఫికెట్ల మీద పేర్లు హెచ్‌ఆర్ పంపిన జాబితా చూసి అచ్చు వేయించకండి. ఇంటిపేరు ముందా వెనకా, ఒకటే అక్షరమా పూర్తిగానా అన్నది మనిషి మనిషికీ మారుతుంది. రెండో రోజు జాబితా తిప్పి, ఎవరి పేరు పక్కన వాళ్లచేతే సంతకం పెట్టించుకోండి. 80 శాతం హాజరు ఉన్నవాళ్లకు "పూర్తి చేశారు", తక్కువైతే "పాల్గొన్నారు". ఈ తేడా మొదటి రోజే చెప్పాలి. డిగ్రీ అనిపించే మాట ఎక్కడా రానివ్వకండి. సీరియల్ నంబరు రిజిస్టర్‌లో ఎక్కించండి, మూడేళ్ల తర్వాత ప్రమోషన్ ఫైలు కోసం ఎవరో ఒకరు అడుగుతారు.

ఫీడ్‌బ్యాక్ ఆఖరి రోజు తీసుకుంటే ఫొటోలు, వీడ్కోళ్ల సందడిలో అన్నిటికీ ఐదుకు ఐదు వస్తాయి. రోజూ సాయంత్రం అరపేజీ కాగితం ఇచ్చి రెండే ప్రశ్నలు అడగండి: ఏది పనికొస్తుంది, ఏది అక్కర్లేదు. సాంబారు మీద ఫిర్యాదు వచ్చినా మర్నాటికల్లా సరిచేయండి. రాసింది ఎవరో చదువుతున్నారని తెలిస్తే రెండో రోజు క్లాసు గురించి కూడా నిజం రాస్తారు. అసలు ఫలితం తొంభై రోజుల తర్వాత తెలుస్తుంది. వెళ్లే ముందు ఒక్కొక్కరూ తమ సబ్‌డివిజన్‌లో చేయబోయే ఒక పని రాసిచ్చి, కాపీ డీఈకి పంపాలి. మూడు నెలలకు గంటన్నర ఆన్‌లైన్‌లో కూర్చోబెట్టి ఏమైందో అడగండి. దానికయ్యే ఖర్చు మొదటి కోట్‌లోనే కలపండి, తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

బయటి ఫ్యాకల్టీకి ఆనరేరియం, కంపెనీ డబ్బు వచ్చినా రాకపోయినా, పదిహేను రోజుల్లో వేసేయండి. రెండో బ్యాచ్‌కు పిలవాల్సింది మళ్లీ వాళ్లనే.