బల్ల మీద కుస్తీ – ఐదవ పాఠం: జట్టు పోరుకు సొంత నియమాలు

గత నాలుగు పాఠాలలో కార్డును చదవడం, ఇద్దరు మల్లుల మధ్య పోరును పాచికలతో నడపడం, అట్టముక్క మీద సొంత మల్లుణ్ణి తయారు చేసుకోవడం నేర్చుకున్నాము. ఈ పాఠంలో ఇద్దరికి ఇద్దరు తలపడే జట్టు పోరుకు, అంటే టాగ్ పోరుకు, నియమాలు రాసుకుందాము. టాగ్ అంటే మూలలో ఉన్న సహచరుడి చేతిని తాకి, అతణ్ణి తన బదులు రింగులోకి పంపడం. పాచికలతో నడిచే కార్డు కుస్తీ కొత్త ఆటేమీ కాదు. 1986లో వచ్చిన చాంపియన్స్ ఆఫ్ ది గెలాక్సీని ఇప్పటికీ ఆడేవారున్నారు. ఇలాంటి ఆటలు చాలామటుకు ఒంటరిగా కూర్చుని ఆడుకోవడానికీ వీలైనవే కాబట్టి, పెట్టెలో వచ్చిన నియమాలు నచ్చని చోట సొంతంగా సవరించుకోవడం ఆడేవారికి మొదటినుంచీ అలవాటే.

ముందుగా మన కార్డును ఒకసారి గుర్తు చేసుకోవాలి. ప్రతి కార్డు మీదా దాడికి మూడు అంచెలు, రక్షణకు మూడు అంచెలు ఉంటాయి. ఒక్కొక్క అంచెలో ఆరు ఫలితాలు ఉంటాయి. దాడి చేసేవాడు ఒక పాచిక వేసి పట్టు ఏదో తెలుసుకుంటాడు. ఆ పట్టు పక్కనున్న సంఖ్యను బట్టి ఎదుటివాడు ఒకటవ, రెండవ లేదా మూడవ రక్షణ అంచెలో పాచిక వేసి, దెబ్బ తిన్నాడో తిరగబడ్డాడో చూసుకుంటాడు. ఈ రెండు పాచికలూ కలిస్తే ఒక వంతు. మూడవ రక్షణ అంచెలో పిన్ (భుజాలను నేలకు అదిమి పట్టడం) అని పడితే రెండు పాచికలు వేయాలి. మొత్తం ఆ మల్లుడి పిన్ హద్దులోపల, ఉదాహరణకు 2 నుంచి 6 లోపల, ఉంటే రెఫరీ మూడు లెక్కించినట్టే, ఆ మల్లుడు ఓడినట్టే.

జట్టు పోరు అనగానే ఎవరికైనా మొదట తోచేది రెండు కార్డుల చోట నాలుగు కార్డులు పెట్టి, ఎప్పుడు కావాలంటే అప్పుడు మనిషిని మార్చుకోవచ్చని రాసుకోవడం. నేనూ మొదట అదే చేశాను. పోరు రెట్టింపు పొడవైంది కానీ ఉత్కంఠ రవ్వంత కూడా పెరగలేదు. కాస్త దెబ్బ తగలగానే మనిషి మారిపోతుంటే, ఇద్దరు మల్లులు కలిసి ఒకే పెద్ద కార్డులా పనిచేస్తారు తప్ప జట్టు అనేది ఎక్కడా కనిపించదు. నిజమైన రింగులో టాగ్ పోరును నిలబెట్టేది మనుషుల సంఖ్య కాదు. మూలలో తాడు పట్టుకుని చెయ్యి చాపిన సహచరుడికీ, రింగు మధ్యలో పడిపోయినవాడికీ మధ్యనున్న ఆ నాలుగడుగుల దూరం. ఆ దూరానికి మనం బల్ల మీద ఒక ధర కట్టగలిగితే మిగిలిన నియమాలు వాటంతటవే దారిలో పడతాయి.

ఆ ధర అలసట. మల్లుడు మూడవ రక్షణ అంచెకు జారిన ప్రతిసారీ అతడి కార్డు మీద ఒక బిళ్ళ పెట్టాలి. బొత్తాములైనా, నాణేలైనా, చింతగింజలైనా సరిపోతాయి. దెబ్బలు తింటున్నవాడు తనంతట తాను టాగ్ చేయలేడు. ముందు తిరగబడాలి, తిరగబడ్డాక, ఎదురుదాడి చేయడమా, మూలకు పాకడమా అన్నది తేల్చుకోవాలి. మూలకు పాకదలిస్తే రెండు పాచికలు వేయాలి. వాటి మొత్తం, అయిదుకు తన బిళ్ళల సంఖ్యను కలిపితే వచ్చిన దానికి సమానంగానో అంతకు మించో ఉంటే సహచరుడి చెయ్యి అందినట్టు. అందకపోతే ఎదుటివాడు కాలు పట్టుకుని వెనక్కు ఈడ్చుకుపోతాడు. తరువాతి దాడి రెండవ అంచె నుంచి అతడిదే.

అయిదు అనే సంఖ్యను ఎందుకు ఎంచుకున్నామో తెలియాలంటే లెక్క చూడాలి. రెండు పాచికలకు మొత్తం 36 రకాల పడికలు ఉన్నాయి. బిళ్ళ లేనివాడు అయిదు గానీ అంతకు మించి గానీ వేయాలి. దానికి 36లో 30 పడికలు, అంటే నూటికి 83 పాళ్ళు అవకాశం. ఒక బిళ్ళ ఉంటే ఇది 72కు, రెండు ఉంటే 58కి, మూడు ఉంటే 42కు, నాలుగు ఉంటే 28కి దిగుతుంది. ఇక్కడ గమనించవలసినది దిగుడు ఒకే మోతాదులో లేకపోవడం: మొదటి బిళ్ళ 11 పాళ్ళు తీసుకుపోతే మూడవ బిళ్ళ 17 పాళ్ళు తీసుకుపోతుంది, ఎందుకంటే రెండు పాచికలలో అన్నిటికన్నా ఎక్కువగా పడే ఏడు సరిగ్గా అక్కడే మన చెయ్యి జారిపోతుంది. రెండు బిళ్ళలతో ఉన్నవాడు ఇప్పుడే పాకాలా, ఇంకొక్క దెబ్బ కొట్టి చూడాలా అని ఆలోచించవలసి రావడం ఈ నియమంలో నాకు బాగా నచ్చిన విషయం. అయిదవ బిళ్ళతో అవకాశం ఆరింట ఒకటికి పడిపోతుంది. అప్పుడు ఆటగాడు ఆలోచించడం మానేసి ఊరికే పాచికలు విసురుతుంటాడు. కాబట్టి నాలుగు బిళ్ళల దగ్గర ఆపివేయడం మంచిది.

మూలలో నిలబడినవాడికి విశ్రాంతి దొరకాలి, కానీ తేరగా దొరకకూడదు. వంతుకొక బిళ్ళ తీసివేస్తే అలసట పేరుకే మిగులుతుంది. మూడు వంతులకు ఒక బిళ్ళ తీయడం సమంగా ఉంటుంది. లెక్క తప్పకుండా ఉండటానికి అతడి కార్డు పక్కన ఒక అదనపు పాచికను పెట్టి, వంతు గడిచినకొద్దీ ఒకటి, రెండు, మూడు అని తిప్పుతూ ఉంటే సరి.

దాడి చేసేవాడు టాగ్ చేయడం వేరే సంగతి. అతడికి పాచికలు అవసరం లేదు. తన మూల దగ్గరకు ఎదుటివాణ్ణి ఈడ్చుకురావడం అతడి చేతిలోని పనే. లోపలికి వచ్చినవాడు అదే అంచెలో దాడి కొనసాగిస్తాడు. బయటకు వెళ్ళవలసినవాడికి రెఫరీ అయిదు లెక్కించే వరకు గడువు ఉంటుంది కదా, ఆ గడువులో ఇద్దరూ కలిసి కొట్టే దెబ్బకు గుర్తుగా మొదటి పట్టు సంఖ్యకు ఒకటి కలపాలి, మూడు దాటకూడదు. అయితే అలా వచ్చినవాడు కనీసం రెండు వంతులు లోపలే ఉండాలి. ఈ షరతు లేకపోతే ప్రతి వంతుకూ టాగ్ చేస్తూ ప్రతి పట్టుకూ ఒకటి కలుపుకుపోయేవాడు ఒకడు తప్పకుండా తయారవుతాడు.

ఇప్పుడు అందరూ ఎదురుచూసే ఘట్టం: చావుదెబ్బలు తిన్నవాడు చివరికి చెయ్యి అందించగా, తాజాగా ఉన్నవాడు లోపలికి దూకి ఎదుటి జట్టును ఊచకోత కోయడం. దీన్ని రాయడం తేలికే. బయటకు వెళ్ళేవాడి మీద మూడు బిళ్ళలో అంతకన్నా ఎక్కువో ఉంటే, లోపలికి వచ్చినవాడి మొదటి రెండు దాడులూ మూడవ అంచె నుంచే జరుగుతాయి. నేను ఇంతవరకే రాసి ఊరుకున్నాను. నాతో ఆడే మిత్రుడు ఒకే రాత్రిలో దీని కిటుకు పట్టేశాడు: రెండు బిళ్ళలు రాగానే కావాలని పాకకుండా ఊరుకుని, మూడవ బిళ్ళ పడేదాకా దెబ్బలు తిని, అప్పుడు పాకడం మొదలుపెట్టాడు. బహుమతి ఎక్కడ ఉంటే ఆట అక్కడికే నడుస్తుంది; తప్పు అతడిది కాదు, నియమానిది. అందుకని ఇంకొక షరతు చేర్చాను: బయటకు వెళ్ళేవాడు ఈసారి రింగులో ఉండగా కనీసం ఒక్కసారి పాకి, విఫలమై ఉంటేనే ఈ బహుమతి వర్తిస్తుంది. దానితో ఊరికే దెబ్బలు తినడం వల్ల లాభం లేకుండా పోయింది, ముందుగానే ప్రయత్నించి ఓడినవాడికి కొంత ఊరట మిగిలింది.

తరువాతది పిన్‌ను విడగొట్టడం. సహచరుడు పరుగెత్తుకొచ్చి, మీద పడుకున్నవాణ్ణి తన్ని లేపడం టాగ్ పోరుకు ప్రాణం, కానీ దీన్ని అదుపు లేకుండా వదిలితే పోరు ముగియదు. పిన్ హద్దు 2–6 ఉన్న మల్లుడు ఒక పిన్‌లో ఓడే అవకాశం 36లో 15, అంటే నూటికి 42 పాళ్ళు. ఒక పాచికతో సగం సార్లు కాపాడవచ్చని రాశామంటే అది 21కి పడిపోతుంది. సగటున రెండు మూడు పిన్‌లతో తేలవలసిన పోరుకు దాదాపు అయిదు కావాలి. కాబట్టి కాపాడటం రానురాను కష్టం కావాలి. పిన్ హద్దులో పడిన తరువాతే సహచరుడు ఒక పాచిక వేయాలి: జట్టు మొత్తం మీద మొదటిసారి నాలుగు గానీ అంతకు తక్కువ గానీ, రెండవసారి మూడు గానీ అంతకు తక్కువ గానీ, మూడవసారి రెండు గానీ అంతకు తక్కువ గానీ పడితే కాపాడినట్టు, నాలుగవసారి ఒకటే పడాలి, ఆ తరువాత ఇక లేదు. ప్రయత్నం ఫలించినా ఫలించకపోయినా లెక్కలోకి వస్తుంది. ఇలా చేస్తే మనం చెప్పుకున్న మల్లుడు పిన్‌లో ఓడే అవకాశం వరుసగా 14, 21, 28, 35 పాళ్ళుగా పెరుగుతూ పోతుంది. పోరు తనంతట తానే ముగింపు వైపు జరుగుతుంది. పిన్ విడిపోయాక దాడి పిన్ చేసినవాడిదే, కానీ మళ్ళీ మొదటి అంచె నుంచి.

ఇదే పాచిక మీద ఆరు పడితే మాత్రం రెఫరీ సహచరుణ్ణి అడ్డగించినట్టు. అప్పుడు పిన్ నిలుస్తుందని సాధారణ పోరులో అనుకోవాలి. నేను మాత్రం రెఫరీ అటు తిరిగి వాదిస్తూ లెక్క ఆపేశాడని పిన్‌ను వదిలేసి, రాబోయే రెండు వంతులు ఆ మూల ఖాళీ అని రాసుకుంటాను. పాకి వచ్చేసరికి మూలలో ఎవరూ లేకపోవడం కన్నా కడుపు మండే సంగతి టాగ్ పోరులో ఇంకొకటి లేదు. ఇలా ఆడదలచినవారు పై పాళ్ళు కొంత తగ్గుతాయని గుర్తుంచుకోవాలి.

ఒక ఘట్టాన్ని దగ్గరగా చూద్దాము. నా అట్టముక్కల జట్లలో ఒకవైపు ఉక్కుపిడికిలి, గాలివాన; మరొకవైపు కొండచిలువ, నల్లపులి. పన్నెండవ వంతులో గాలివాన మీద మూడు బిళ్ళలు ఉన్నాయి. కొండచిలువ పట్టుకు అతడు తిరగబడ్డాడు. ఎదురుదాడి వద్దనుకుని పాకాడు, ఎనిమిది కావాలి. పాచికలు నాలుగు, మూడు పడ్డాయి. ఒక్కటి తక్కువ. వెనక్కు ఈడ్చుకుపోయిన కొండచిలువ రెండవ అంచెలో పాచిక వేస్తే, పక్కన 3 ఉన్న పట్టు పడింది. గాలివాన మూడవ రక్షణ అంచెకు జారి నాలుగవ బిళ్ళ తీసుకున్నాడు, పైగా పడినది పిన్. రెండు పాచికలూ కలిపి అయిదు. అతడి హద్దు 2–6. ఓడినట్టే. కానీ ఉక్కుపిడికిలికి ఇది రెండవ ప్రయత్నం, మూడు లోపు పడాలి, రెండు పడింది. పిన్ విడిపోయింది. కొండచిలువ మొదటి అంచె నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు, పట్టు బలహీనమైనది, గాలివాన తిరగబడి మళ్ళీ పాకాడు. ఈసారి తొమ్మిది కావాలి. అయిదు, నాలుగు. చెయ్యి అందింది. ఇందాక ఒకసారి విఫలమై ఉన్నాడు కాబట్టి ఉక్కుపిడికిలి రెండు దాడులు మూడవ అంచె నుంచే చేస్తాడు. ఇక్కడ మనం చేర్చిన నియమాలలో నాలుగు మూడే వంతులలో పనిచేశాయి, అయినా ఏ ఒక్కదాని కోసమూ ఆట ఆపి కాగితం వెతుక్కోవలసి రాలేదు. సొంత నియమానికి నేను పెట్టుకునే కొలత ఇదే.

ముగ్గురేసి ఉన్న జట్లకు మెక్సికో కుస్తీ సంప్రదాయం మంచి దారి చూపుతుంది. అక్కడి ముగ్గురి పోరులో జట్టుకొక నాయకుడు ఉంటాడు. ఒక విడత గెలవాలంటే నాయకుణ్ణి పిన్ చేయాలి, లేదా మిగిలిన ఇద్దరినీ పిన్ చేయాలి. మామూలుగా మూడు విడతలలో రెండు గెలిచినవారిదే పోరు. చేతికి చెయ్యి తగలకపోయినా, లోపలివాడు రింగు దిగి నేల మీదికి వెళితే సహచరుడు లోపలికి రావచ్చు. దీన్ని బల్ల మీదికి తెస్తే, కార్డులో రింగు బయటకు పడిపోయే ఫలితం వచ్చినప్పుడల్లా పాచికలు లేకుండానే టాగ్ జరిగిపోతుంది, మన అలసట నియమం సగం బలం కోల్పోతుంది. దానికి బదులుగా విశ్రాంతిని మూడు వంతులకు కాక అయిదు వంతులకు ఒక బిళ్ళగా మార్చాలి. నాయకుడిగా బలమైన కార్డునే పెట్టాలని లేదు. బలమైనవాడు ఎక్కువసేపు లోపల ఉంటాడు, అంటే పిన్‌కు ఎక్కువసార్లు దొరుకుతాడు కూడా.

నియమాలు రాసుకున్నాక పరీక్షించాలి. ఒకే బలం గల రెండు జట్లతో ఇరవై పోరులు ఆడి, ప్రతి పోరుకూ మూడు సంఖ్యలు రాసుకోండి: ఎన్ని వంతులు పట్టింది, ఎన్నిసార్లు పాకారు, ఎన్నిసార్లు అందింది. గెలుపోటములను చూసి తొందరపడవద్దు. నిజంగా సమానమైన జట్లయినా ఇరవైలో ఒకరు 7 నుంచి 13 దాకా ఎన్ని గెలిచినా ఆశ్చర్యం లేదు, దాదాపు పదింట తొమ్మిది సార్లు ఫలితం ఆ మధ్యలోనే ఉంటుంది. ఒకేసారి రెండు నియమాలు మార్చకండి. దేనివల్ల ఏం జరిగిందో తరువాత చెప్పలేరు.

అభ్యాసం. ఒకటి: పాకడానికి అయిదుకు బదులు నాలుగుతో మొదలుపెడితే సున్నా నుంచి నాలుగు బిళ్ళల దాకా అవకాశాలు ఎంతెంతో 36 పడికలూ రాసుకుని లెక్కించండి; పెద్ద దిగుడు ఎన్నో బిళ్ళకు జరిగిందో గుర్తించండి. రెండు: పిన్ హద్దు 2–5 ఉన్న మల్లుడికి నాలుగు కాపాడే ప్రయత్నాల వరుసను మళ్ళీ కట్టండి. మూడు: మీ కార్డులలో ఒకదానికి, మూలలో ఉన్నప్పుడు మాత్రమే పనిచేసే ఒక ప్రత్యేక గుణం రాయండి, రెండు వాక్యాలు మించకూడదు.

వచ్చే పాఠంలో టాగ్ అనేదే లేని జట్టు పోరును చూద్దాము. 1987 జూలై 4న అట్లాంటాలో మొదటిసారి జరిగిన వార్‌గేమ్స్‌లో రెండు రింగులను ఒకే పంజరంలో ఉంచి, ఇద్దరితో మొదలుపెట్టి, ఒక్కొక్కరినీ వేళ ప్రకారం లోపలికి పంపారు. నిమిషాలను వంతులుగా మార్చడం ఎలాగో అక్కడినుంచి మొదలుపెడదాము. దానికి ఈసారి కన్నా పెద్ద బల్ల కావాలి.