ఫొటోలో వలిసె పూలు, మగ్గం మీద మురికి ఆకుపచ్చ

సమస్య: నవంబరులో అరకులో తీసిన ఫొటో. ముందు వలిసె పూల పసుపు, వెనక కొండల నీలం. డిజైనర్ పడుగుకి (నిలువు పోగులు) పసుపు, పేకకి (అడ్డం పోగులు) నీలం రాసిచ్చారు. మంగళగిరి మగ్గం మీద మూరెడు గుడ్డ దిగేసరికి పసుపూ లేదు, నీలమూ లేదు. బూడిద కలిసిన ఆకుపచ్చ ఏదో వచ్చింది.

కారణం: అద్దకం వాళ్లను తిట్టి లాభం లేదు, చిలపలు (రంగు వేసిన నూలు కట్టలు) సరిగ్గానే వచ్చాయి. ఫొటోలో ఈ రంగులు పక్కపక్కన ఉన్నాయి. సాదా నేతలో ఒక పోగు మీద పడుగు, మరో పోగు మీద పేక పైకి తేలుతూ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. 80 నంబరు నూలంటే చాలా సన్నం. కాస్త దూరం జరిగితే చాలు, కన్ను రెండింటినీ కలిపేస్తుంది. ఎదురెదురు రంగులు అలా కలిస్తే మసకబారతాయి.

పరిష్కారం: పడుగు పసుపే ఉంచి, పేకకి దాని చుట్టం రంగు ఇవ్వండి: తేనె రంగు, లేత నారింజ. నెమలికంఠం పట్టు అంత బాగుండేది నీలం, ఆకుపచ్చ దగ్గరి రంగులు కాబట్టే. కొండల నీలం కావాల్సిందే అంటే అంచుకి పంపండి. కానీ తేనె రంగు పేక ఆ అంచులోకీ దూరితే మళ్లీ అదే గొడవ. గద్వాల కుప్పడం నేత ఇక్కడ పనికొస్తుంది. అంచుకి వేరే నాడె (పేకను అటూ ఇటూ తీసుకెళ్లేది), వేరే పేక. అంచు పేక, గుడ్డ మధ్య భాగం పేకతో సరిహద్దులో మెలిక పడుతుంది. రెండు రంగులూ శుభ్రంగా నిలుస్తాయి. కూలి ఎక్కువే. బడ్జెట్ లేదంటే నీలాన్ని వదిలేయడమే మేలు.

నూలును అట్ట మీద చుట్టి చూసుకుంటే సరిపోదు, అదీ రంగులను పక్కపక్కనే చూపిస్తుంది. అదే రంగు పాత పడుగు చివర మిగిలిన చోట రెండంగుళాలు నేయించి చూడండి.

సమస్య: సాయంత్రం ఆకాశం గుడ్డ మీద మెల్లగా రంగు మారాల్సింది, చారలుగా తెగిపోయింది.

కారణం: ఐదు రంగులు తీసి ఐదు పట్టీలుగా పేర్చారు.

పరిష్కారం: రెండు రంగులు చాలు. పడుగు పేర్చేటప్పుడు 7 పసుపు పోగులకి 1 నారింజ, తర్వాత 6కి 2, 5కి 3, అలా 1కి 7 దాకా.

సమస్య: చిలప రంగు ఫోన్‌తో కలవలేదు.

కారణం: స్క్రీన్ తనే వెలుగుతుంది, నూలు వెలుగును తిప్పి పంపుతుంది. అంత మెరుపు నూలుకి రాదు.

పరిష్కారం: వాట్సాప్‌లో ఫొటో కాదు, నూలు ముక్క పంపండి. చిలప పూర్తిగా ఆరాక, పగటి వెలుగులోనూ ట్యూబ్‌లైట్ కిందా చూశాకే ఓకే చెప్పండి.