గేట్‌ని అనుమానించే ముందు: క్వాంటమ్ ప్రయోగ పాఠాలు, 4వ భాగం

పోయిన భాగంలో క్యూబిట్ (క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారాన్ని దాచే అతి చిన్న భాగం) ఏ స్థితిలో ఉందో ఎక్స్, వై, జెడ్ దిశల్లో కొలిచి కనుక్కున్నాం. ఈసారి ఆ స్థితిని మార్చే గేట్‌నే కొలుద్దాం. దీన్ని ప్రాసెస్ టోమోగ్రఫీ అంటారు. 1997లో ఐజాక్ చువాంగ్, మైఖేల్ నీల్సన్ ఈ దారి చూపించారు. అదే ఏడాది పొయాటోస్, సిరాక్, జోలర్ కూడా విడిగా ఇదే చెప్పారు.

గేట్ లోపలికి తొంగి చూడలేం. తెలిసిన స్థితుల్ని పంపి, బయటికి ఏం వచ్చిందో చూస్తాం. ఒక క్యూబిట్‌కి నాలుగు స్థితులు చాలు: జెడ్ దిశలో రెండు కొసలైన 0, 1, ఎక్స్ దిశలో ఉండే ప్లస్, వై దిశలో ఉండే ప్లస్ ఐ. ఒక్కోదాన్ని మూడు దిశల్లో కొలిస్తే 12 సగటులు వస్తాయి. మనకి తెలియాల్సిన అంకెలూ 12 మాత్రమే. బ్లోచ్ గోళాన్ని (క్యూబిట్ స్థితుల్ని చుక్కలుగా చూపించే గోళం) తిప్పి, కుదించే పట్టికలో 9, గోళాన్ని పక్కకి జరిపేవి 3. రెండు క్యూబిట్లకైతే 240. అందుకే ముందు ఒకదానితో చెయ్యి తిరగాలి.

హడమార్డ్ గేట్ తీసుకోండి. 0 పంపితే ప్లస్, 1 పంపితే మైనస్ (ఎక్స్ దిశలో ప్లస్‌కి ఎదురు కొస) రావాలి. నా లాప్‌టాప్‌లో, సిమ్యులేటర్ మీద, ఎక్స్ దిశలో వెయ్యిసార్లు చొప్పున కొలిచాను. ఇక్కడ ప్లస్‌ని "0"గా, మైనస్‌ని "1"గా చదువుతాం; సగటుకి "0"ని 1గా, "1"ని మైనస్ 1గా లెక్కిస్తాం. 0 పంపినప్పుడు 968 సార్లు "0" వచ్చింది, అంటే సగటు 0.936. 1 పంపినప్పుడు 60 సార్లే "0", సగటు మైనస్ 0.88. ఈ రెండింటి తేడాలో సగం, 0.908, పట్టికలోకి వెళ్తుంది. మొత్తంలో సగం, 0.028, జరుగుడు. మంచి గేట్‌కి ఇవి 1, 0 ఉండాలి. చూడగానే గేట్ పాడైందనిపిస్తుంది కదా!

కానీ ఆ గేట్‌లో నేను ఏ లోపమూ పెట్టలేదు. లోపం పెట్టింది రీడౌట్‌లో, అంటే ఫలితాన్ని చదివే చోట: 0ని నూటికి 3 సార్లు, 1ని 6 సార్లు తప్పు చదివేలా. నిజమైన సూపర్‌కండక్టింగ్ చిప్‌లలోనూ 1ని చదవడమే ఎక్కువగా తప్పుతుంది, ఎందుకంటే చదివేలోపే అది 0కి జారిపోవచ్చు. పంపేటప్పుడు, కొలిచేటప్పుడు జరిగిన తప్పులన్నీ ప్రాసెస్ టోమోగ్రఫీ తీసుకెళ్లి గేట్ నెత్తిన వేస్తుంది. ఈ పద్ధతిలో అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఇదేనని నా గట్టి నమ్మకం.

మారతహళ్లిలో మా వీధికి కూరగాయల బండి వస్తే, మా అమ్మ టమాటాలు ఏరకముందే "ఖాళీ తక్కెడ ఎత్తి చూపించు బాబూ" అంటుంది. ముల్లు మధ్యలో నిలిచేదాకా ఒక్క కాయ వెయ్యనివ్వదు. మనమూ అలాగే చెయ్యాలి. గేట్ తీసేసి, 0, 1 పంపి నేరుగా జెడ్ దిశలో కొలిచాను. "0" 971 సార్లు, 57 సార్లు వచ్చింది. పై లెక్కే కడితే తేడాలో సగం 0.914, జరుగుడు 0.028. గేట్ లేకుండానే అదే జరుగుడు! 0.908ని 0.914తో భాగిస్తే 0.993. వెయ్యి కొలతలకి ఒక్కో అంకెలో 0.01 దాకా ఊగులాట మామూలే, కాబట్టి గేట్‌లో తప్పుందని చెప్పడానికి ఇక్కడ ఆధారమే లేదు. ఆ ఊగులాట పదో వంతుకి తగ్గాలంటే కొలతలు వంద రెట్లు కావాలి.

ఇలా గేట్ లేకుండా చేసిన ఖాళీ పరుగుతో కూడా పంపడంలో తప్పునీ, కొలవడంలో తప్పునీ విడదీయడం కుదరదు. దానికి గేట్ సెట్ టోమోగ్రఫీ ఉంది, అది 5వ భాగంలో. ఈలోగా మిగిలిన ప్లస్, ప్లస్ ఐ స్థితులతో కూడా మీరే చేసి చూడండి. వాటి సగటుల్లోంచి ముందు జరుగుడు తీసెయ్యడం మర్చిపోకండి, మిగిలినదే పట్టికలో నిలువు వరుస అవుతుంది.