సంఘం పాడాలి: ఆరాధన నాయకులకూ సంగీత బృందానికీ తర్ఫీదు ఇవ్వడం ఎలా

చర్చిలో పాటల బృందాన్ని బాగుచేయాలన్న మాట వచ్చినప్పుడు సంఘపెద్దల కమిటీలో మొదట లేచే ప్రస్తావన సాధారణంగా కొత్త కీబోర్డు గురించో, రిథమ్ ప్యాడ్ గురించో, నాలుగు కార్డ్‌లెస్ మైకుల గురించో ఉంటుంది. అవన్నీ కొన్న తరువాత కూడా ఆదివారం ఉదయం వేదిక మీద ఆరుగురు పాడుతూ, కింద మూడు వందల మంది చేతులు కట్టుకొని వారిని చూస్తూ నిలబడ్డారంటే లోపం సామగ్రిలో లేదన్నది స్పష్టం. చిన్న పట్టణపు సంఘంలో ఏళ్ల తరబడి ఈ పని చూసిన మీదట నేను తర్ఫీదుకు పెట్టుకున్న కొలత ఒక్కటే: రెండో చరణం నడుస్తుండగా బృందంలోని ప్రతి ఒక్కరికీ వెనుక బెంచీల గొంతు వినబడుతున్నదా? ఎంపిక, శృతి, తాళం, ప్రాక్టీసు, ప్రోత్సాహం అన్నీ ఈ కొలతకు లోబడే ఉండాలి.

ఎంపిక దగ్గరే చాలా సంఘాలు పొరబడతాయి. పాదం పాదానికీ సంగతులు (ఒకే పాదాన్ని రకరకాలుగా మలిచే మలుపులు) వేసి పాడే గాయకుడు సోలోకు పనికి వస్తాడు గాని, అతని వెంట సంఘం పాడలేదు. పాదం ఎక్కడ ముగుస్తుందో, తరువాతిది ఎక్కడ ఎత్తుకుంటాడో ఎవరికీ అంతుపట్టదు. నేను పెట్టే పరీక్ష చిన్నది. అందరికీ తెలిసిన ఒక కీర్తన ఇచ్చి, వాద్యాలేవీ లేకుండా ఎత్తుకోమంటాను. ఎదురుగా సంఘంలోని ఐదుగురిని, వారిలో ఒక పెద్దావిడ, ఒక సండే స్కూల్ పిల్లవాడు తప్పక ఉండేలా కూర్చోబెడతాను. రెండో పాదానికల్లా ఆ ఐదుగురూ గొంతు కలిపారంటే, ఆ మనిషి గొంతు మామూలుదైనా సరే, అతనికి నాయకత్వం నేర్పవచ్చు. దీనికి తోడు సమయానికి రావడం, చెప్పిన మాట వినడం, పాటలయ్యాక బయటికి వెళ్లి టీ తాగకుండా ప్రసంగం చివరి వరకు లోపల కూర్చోవడం చూసుకోవాలి. ఈ చివరి విషయంలో మన వాద్యకారుల మీద సంఘంలో ఉన్న ఫిర్యాదు అందరికీ తెలిసిందే.

శృతి ఎవరి కోసం?

సంఘం నోరు మూసుకోవడానికి అన్నిటికంటే సామాన్యమైన కారణం పాటను మరీ పై శృతిలో ఎత్తుకోవడం. యూట్యూబ్‌లో విన్న పాటను ట్రాక్ ఏ శృతిలో ఉంటే ఆ శృతిలోనే దింపుతారు. ఆ ట్రాక్ పాడినది సాధకంలో ఉన్న గాయకుడు, మన బెంచీల్లో ఉన్నది వారమంతా పొలంలోనో ఆఫీసులోనో పనిచేసి వచ్చిన మనుషులు. అందుచేత నాయకుడికి మొదట నేర్పవలసింది పాటలో అన్నిటికంటే ఎత్తైన స్వరాన్ని పట్టుకోవడం. మన పాటల్లో అది సాధారణంగా పల్లవిలో ఉండదు, చరణం మధ్యలో ఉంటుంది. కాబట్టి పల్లవి పాడి చూసి శృతి నిర్ణయిస్తే మోసపోతాం. ఆ ఎత్తైన స్వరం కీబోర్డు మీద ‘డి’ దాటకుండా చూసుకుంటే స్త్రీలు తమ స్థాయిలో, పురుషులు తమ స్థాయిలో ఇబ్బంది లేకుండా పాడగలరు.

ఒక లెక్క చూడండి. నాలుగు శృతిలో, అంటే ‘ఎఫ్’ షడ్జమంగా (‘స’గా) పాడిన ట్రాక్ ఉన్నదనీ, చరణంలో వరుస (బాణీ) పై స్థాయి రిషభం (‘రి’) వరకు వెళ్తున్నదనీ అనుకుందాం. ఆ రిషభం ‘జి’ మీద పడుతుంది. అక్కడికి వచ్చేసరికి పురుషుల్లో సగం మంది ఆగిపోతారు, మిగిలినవారు కింది స్థాయికి జారిపోతారు. అదే పాటను ఒకటి శృతికి దింపితే రిషభం సరిగ్గా ‘డి’ మీదికి వస్తుంది. కీబోర్డులో శృతిని మార్చే ట్రాన్స్‌పోజ్ మీటను మైనస్ ఐదు దగ్గర పెడితే వాయించేవారి వేళ్లు మారనక్కరలేదు. అయితే తరువాతి పాటకు ఆ మీటను మళ్లీ సున్నాకు తేవడం మరచిపోయి, గిటార్ ఒక శృతిలో, కీబోర్డు ఒక శృతిలో మొదలైన ఆదివారాలు మా సంఘంలోనూ ఉన్నాయి. అప్పటి నుంచి పాటల జాబితాలో ప్రతి పాట పక్కన శృతిని, ట్రాన్స్‌పోజ్ అంకెను రాసి స్టాండుకు అంటించడం నియమంగా పెట్టుకున్నాము. తెల్లవారుజామున జరిగే మొదటి ఆరాధనలో గొంతులు ఇంకా విచ్చుకోవు గనుక అన్ని పాటలనూ మరో అర శృతి తగ్గించడం మంచిది.

తాళం దగ్గర జరిగే నష్టం

మన కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైన తెలుగు క్రైస్తవ కీర్తనకారులు మన సంగీత సంప్రదాయంలోనే కీర్తనలు కూర్చారు గనుక ఆ రెండు మాటలూ అలంకారానికి పెట్టినవి కావు. నేటి కుర్రవాళ్లలో అవి చదివేవారు అరుదు. కీబోర్డులోని స్టైళ్లు ఎక్కువగా నాలుగు దెబ్బల నడకవి; ప్యాడ్ వాయించే అబ్బాయికి వచ్చినవి ఎనిమిది మాత్రల (లెక్కల) కహర్వా, ఆరు మాత్రల దాద్రా తాళాలు. చాపు తాళంలోని కీర్తన వచ్చినప్పుడు ఏడు మాత్రల పాదాన్ని చివరి అక్షరం సాగదీసి ఎనిమిది చేస్తారు, లేదా ఒక అక్షరం మింగి ఆరు చేస్తారు. అరవై ఏళ్లుగా ఆ పాట పాడుతున్న పెద్దలు ఎక్కడో తప్పుతున్నదని గ్రహిస్తారు గాని ఏమిటో చెప్పలేక మెల్లగా పాడడం మానుకుంటారు.

దీన్ని సరిచేయడానికి ఒక సాయంత్రం చాలు. వాద్యాలన్నీ పక్కన పెట్టించి, అందరిచేతా ‘తకిట తకధిమి’ అనిపిస్తూ ‘త’ దగ్గర మాత్రమే చేతులు తట్టించండి: మూడు, నాలుగు, మూడు, నాలుగు. పది నిమిషాలు ఇది కుదిరాక అదే నడకలో కీర్తనలోని మాటలు చదివించండి, ఆ తరువాతే వరుసలో పాడించండి. మాటల బరువు తట్టు మీద పడడం విన్నప్పుడు కుర్రవాళ్ల ముఖాల్లో కనబడే మార్పు చూసి తీరవలసింది.

తబలా నేర్చుకున్నవారికి ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. కీర్తనల పుస్తకంలో ‘రూపకం’ అని ఉంటే అది కర్ణాటక పద్ధతి రూపకం, దానికి ఆరు మాత్రలు. హిందూస్తానీ తబలాలో రూపక్ అంటే ఏడు మాత్రలు. పేరు చూసి తబలా వాయించే తమ్ముడు ‘తీ తీ నా ధీ నా ధీ నా’ మొదలుపెడితే పాట మొదటి పాదంలోనే కూలుతుంది. నిజానికి ఆ ఠేకా (తబలా దెబ్బల వరస) మూడు, రెండు, రెండుగా నడుస్తుంది గనుక పుస్తకంలో చాపు అని ఉన్న ఏడు మాత్రల పాటకు చక్కగా అమరుతుంది; రూపకం అని ఉన్నచోట దాద్రాతో మొదలుపెట్టి, పాట ఊపును బట్టి దెబ్బలు సర్దుకోవచ్చు. ఈ ఒక్క సంగతి కాగితం మీద రాసి తబలా పెట్టెకు అంటించినా మేలే.

వరుసల విషయంలో పుస్తకం సాయం చేయదు. ఒకే కీర్తనకు ఊరికో వరుస ఉంటుంది, ఒక్కోసారి వీధికో వరుస. మీ సంఘంలో పాత వరుసలు బాగా తెలిసిన తాతగారో అమ్మమ్మగారో ఉంటే, బృందంలోని ఇద్దరు పిల్లలను వారి ఇంటికి పంపి, ఫోనులో రికార్డు చేయించుకొని రమ్మనండి. పిల్లలకు అది పాఠం, పెద్దలకు అది గౌరవం. మరుసటి ఆదివారం ఆ వరుసలో కీర్తన ఎత్తుకున్నప్పుడు ఆ పెద్దల గొంతు అందరికంటే ముందు లేస్తుంది.

శనివారం సాయంత్రపు ప్రాక్టీసు

పాటల జాబితా శనివారం తయారు చేస్తే ప్రాక్టీసు సగం వెదుకులాటకే సరిపోతుంది. పాస్టరుగారి నుంచి వాక్యభాగం తెలుసుకొని, మంగళవారానికల్లా నాలుగైదు పాటలు శృతితో సహా బృందానికి అందజేయాలి. ప్రాక్టీసులో మొదటి పావుగంట తంబురా యాప్ పెట్టి షడ్జమం నిలపడానికి, మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు (సంగీతంలో మొదటి పాఠాలు) పాడడానికి కేటాయించండి. ఆ తరువాత పాటను ముందు చదవాలి, తరువాత పాడాలి. చదివినప్పుడే లోపాలు బయటపడతాయి: ‘ళ’ పలకవలసినచోట ‘ల’, ‘ణ’ పలకవలసినచోట ‘న’, ‘భ’లోని ఒత్తు పోవడం. ఊపిరి ఎక్కడ తీసుకోవాలన్నది కూడా అప్పుడే గుర్తు పెట్టుకోవాలి. ‘కృపాసనమునొద్దకు’ అన్న మాటను ‘కృపాస’ దగ్గర విరిచి ఊపిరి పీల్చి ‘నమునొద్దకు’ అని పాడితే వినేవారికి రెండు ముక్కల్లో ఏదీ అర్థం కాదు.

ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు, విదేశాల్లోని తెలుగు సంఘాల్లో పెరిగిన పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొని పాడడంలో తప్పు లేదు. కాని వారికి పలుకు చెవి ద్వారానే నేర్పాలి, ఎందుకంటే ఆ అక్షరాల్లో ‘త’కు ‘ట’కు తేడా కనబడదు. ప్రొజెక్టర్ మీద పాట చూపేవారు కూడా బృందంలో భాగమే గనుక వారు ప్రాక్టీసుకు రావాలి. పాత ఫాంట్లలో టైపు చేసిన పాట మరో కంప్యూటరులో తెరిచినప్పుడు అక్షరాలు చెదిరిపోతాయి. యూనికోడ్‌లో టైపు చేసి, పాదం ఊపిరితో ముగిసేచోటనే పంక్తి విరిచి, ఒక తెరకు నాలుగు పంక్తులు మించకుండా చూడాలి. చదవడం రానివారు ఎక్కువగా ఉన్న గ్రామ సంఘాల్లో నాయకుడు పాదాన్ని ముందుగా చెప్పి సంఘంచేత పాడించే అలవాటు ఇంకా ఉన్నది. దాన్ని పాతకాలపు పద్ధతి అని తీసిపారేయకండి. తాళం చెడకుండా, రెండు పాదాల మధ్య ఉన్న చిన్న సందులో మాటలు అందించడం పెద్ద విద్య. దానికి ప్రత్యేకంగా సాధన చేయించండి.

ప్రతి ప్రాక్టీసులోనూ ఒక పాటను కరెంటు లేకుండా, మైకులు కట్టేసి పాడించండి. ఆరాధనలో చివరి పల్లవికి వాద్యాలన్నీ ఆగిపోయే ఏర్పాటు చేసి, నాయకుడు మైకు నుంచి ఒక అడుగు వెనక్కి జరగడం నేర్పండి. మొదట్లో అందరూ భయపడతారు. మూడు నాలుగు వారాల్లో సంఘం ఆ చోటు తనదని తెలుసుకుంటుంది. పాటకూ పాటకూ మధ్య మాటల విషయం క్లుప్తంగానే చెప్పవచ్చు: ఒక వచనం చదవడం చాలు, రెండో ప్రసంగం అక్కరలేదు.

కొత్త పాట నెలకు ఒకటి మించకపోతే మంచిది. ప్రవేశపెట్టే వారం జనం వచ్చి కూర్చుంటున్నప్పుడు దాని వరుసను కీబోర్డు మీద మెల్లగా వినిపించి, ఆ తరువాత వరుసగా మూడు ఆదివారాలు పాడించాలి. ఒకసారి పాడి వదిలేసిన పాట ఎవరికీ రాదు.

ప్రోత్సాహం, దిద్దుబాటు, వంతులు

తప్పు చెప్పడానికి వేదికా పనికి రాదు, వాట్సాప్ గ్రూపూ పనికి రాదు. సోమవారమో మంగళవారమో ఫోను చేసి, ఒక్కరితోనే మాట్లాడాలి. ముందు జరిగిన మేలు చెప్పాలి. ‘బాగా పాడావు తమ్ముడూ’ అన్న మాట గాలిలో కలిసిపోతుంది. ‘రెండో చరణంలో నువ్వు గొంతు తగ్గించావు, అందుకే స్త్రీల వైపు నుంచి పాట అంత బాగా వినబడింది’ అన్న మాట అతనికి ఏళ్ల తరబడి గుర్తుంటుంది, వచ్చే వారం ఏం చేయాలో కూడా చెబుతుంది. నేనొకసారి ప్యాడ్ వాయించే అబ్బాయిని అందరి ముందూ గద్దించాను. అతను ఆరు వారాలు చర్చికే రాలేదు. వాళ్లింటికి వెళ్లి క్షమాపణ అడగవలసి వచ్చింది.

వాద్యకారులకు డబ్బు ఇవ్వాలా అన్న ప్రశ్న మీద గొణుగుడు చాలా సంఘాల్లో ఉంటుంది. బయట నుంచి పిలిచేవారికి ఎంత ఇస్తారో ముందే తేల్చి చెప్పండి. సొంత సంఘపు పిల్లలకు కనీసం దారిఖర్చులు, వాద్యాల తీగలు, మైకు వైర్ల ఖర్చు సంఘమే భరించాలి. సేవ అన్న పేరు చెప్పి డిగ్రీ చదివే కుర్రవాడి జేబు ఖాళీ చేయించడం న్యాయం కాదని నా అభిప్రాయం. శనివారం ప్రాక్టీసు తరువాత ఒక ప్లేటు మిర్చి బజ్జీలు వారిని ఎంతగా కట్టిపడేస్తాయో చెప్పనక్కరలేదు.

దావీదు కాలంలో గానవిద్య నేర్చినవారు 288 మంది అని 1 దినవృత్తాంతములు 25వ అధ్యాయం లెక్క చెబుతుంది; వారు పిన్న పెద్ద, గురువు శిష్యుడు అన్న భేదం లేకుండా వంతులకు చీట్లు వేసుకున్నారని కూడా చెబుతుంది. మన బృందాల్లో వంతులు లేకపోవడమే చాలా అలసటకూ, చాలా అలకలకూ మూలం. నెలకు ఒక ఆదివారమైనా ప్రతి నాయకుడూ బెంచీలో కూర్చోవాలి. డిసెంబరులో ఇది మరీ అవసరం: కేరల్స్ రౌండ్లలో రాత్రులు చలిలో పాడి, క్రిస్మస్‌కు ముందే జరిపే సెమీ క్రిస్మస్ కూడికలన్నీ ముగించి, తీరా 24 రాత్రికి అందరి గొంతులూ బొంగురుపోతాయి. క్రిస్మస్ ఆరాధన నడిపించేవారిని ముందే నిర్ణయించి, చివరి వారం కేరల్స్ నుంచి తప్పించండి. శుభ శుక్రవారం మూడు గంటల పాటు సాగే ఆరాధనకు మాత్రం నెమ్మది పాటలు ఎక్కువ గనుక, లెంటు (ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలం) మొదలైనప్పుడే వాటిని ప్రాక్టీసులో చేర్చాలి. నెమ్మదిగా పాడుతూ శృతి జారకుండా నిలపడం వేగంగా పాడడం కంటే కష్టం.

కొత్తవారిని ఒక్కసారిగా మొత్తం ఆరాధనకు నిలబెట్టకండి. మొదటి నెల వాక్యం చదవనివ్వండి, రెండో నెల కానుకల పాట ఒక్కటి నడిపించనివ్వండి, ఆ తరువాత రెండు పాటలు, ఆ తరువాత మొత్తం. మొదటిసారి మొత్తం నడిపించే రోజున పాటలన్నీ సంఘానికి బాగా వచ్చినవే ఉండేలా చూసి, పక్కన అనుభవం ఉన్న కీబోర్డు మనిషిని పెట్టండి. మీరు వేదిక మీద నిలబడితే ఆ అమ్మాయో అబ్బాయో ప్రతి పాదానికీ మీ ముఖం వైపే చూస్తారు గనుక, ఆ ఉదయం వెళ్లి చివరి బెంచీలో కూర్చోండి. రెండో చరణంలో మీ ముందు వరుసలవారు పాడుతున్నారో లేదో విని, మంగళవారం ఫోనులో అది చెప్పండి.