మిద్దె మీద భూత్ జొలోకియా కాపుకొచ్చిందా? కోయకముందే ఈ జాగ్రత్తలు

వానాకాలంలో నారు పోసి నాటుకున్న భూత్ జొలోకియా, కరోలినా రీపర్ అనే అతి ఘాటు మిరప మొక్కలు మన మిద్దె తోటల్లో సంక్రాంతి అటూ ఇటుగా ఎర్రబడటం మొదలుపెడతాయి. సరిగ్గా అదే సమయానికి ఇళ్ళల్లో పండుమిర్చి పచ్చళ్ళ హడావుడి. ఆ వెనకే ఏడాదికి సరిపడా కారం పట్టించే పని. బేసిన్లు, మిక్సీ జార్లు, పాత బట్టలు అన్నీ మిరపకాయల చుట్టూనే తిరుగుతుంటాయి. ఆ సందడిలో ఈ కాయలు కూడా వాటిలో ఒకటిగా కలిసిపోకుండా చూసుకోవాలి. ఈ ఏడాది మొదటిసారి వీటిని పెంచుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మిరపకాయతో పుట్టి పెరిగామన్న ధైర్యమే వీటి దగ్గర మనల్ని దెబ్బతీస్తుంది. గుంటూరు సన్నం ఘాటు సుమారు 35 నుంచి 40 వేల స్కోవిల్ యూనిట్లు (మిరప ఘాటును కొలిచే లెక్క ఇది). మనం చాలా ఘాటు అనుకునే తేజ రకం లక్ష దగ్గర ఆగుతుంది. భూత్ జొలోకియా 2007లో గిన్నిస్ రికార్డుకెక్కింది 10 లక్షల పైచిలుకుతో. కరోలినా రీపర్ సగటున 16 లక్షల 41 వేలు. బరువుకు బరువు లెక్కేస్తే ఒక్క రీపర్ కాయ గుంటూరు సన్నం నలభై పాళ్ళ పెట్టు. 2023లో దాన్ని కూడా దాటిన పెప్పర్ ఎక్స్ 26 లక్షల 93 వేలు. రీపర్‌ను, పెప్పర్ ఎక్స్‌ను తయారుచేసింది అమెరికాలోని సౌత్ కరోలినాకు చెందిన ఎడ్ కర్రీ. పెప్పర్ ఎక్స్ విత్తనాలను ఆయన బయట అమ్మకానికి పెట్టలేదు, కాబట్టి ఆ పేరుతో ఆన్‌లైన్‌లో ఎవరైనా అమ్ముతుంటే కొనకండి. ఏ కాయ కాస్తుందో తెలియని మొక్కను ఇంట్లో పెట్టుకోవడమే మొదటి ప్రమాదం.

కుండీ ఎక్కడ పెట్టాలి

సాగు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇవి మన మిరప కంటే నిదానం. విత్తనం మొలవడానికి మూడు నాలుగు వారాలు పట్టినా కంగారు పడి తవ్వి చూడకండి. ఎండ 35 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది, షేడ్ నెట్ కింద పెట్టుకోవాలి. ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి. లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. మిగతాదంతా మామూలు మిరపలాగే.

ఎక్కువ ఆలోచించాల్సింది కుండీ పెట్టే చోటు గురించి. చాలామంది కరివేపాకు, కొత్తిమీర, పచ్చిమిర్చి కుండీలన్నీ వంటగది గుమ్మం దగ్గర వరసగా పెడతారు. పొయ్యి మీద పోపు మాడుతుంటే చీకట్లో చెయ్యి చాపి తెంపేది ఆ వరసలోంచే. భూత్ జొలోకియా పచ్చికాయ చీకట్లో మామూలు కాయలాగే చేతికి తగులుతుంది. అందుకని ఈ కుండీ ఆ వరసలో ఉండకూడదు. మిద్దె మీద మరో మూలకు, పిల్లల చెయ్యి అందని ఎత్తుకు మార్చండి. పండిన కాయలు ముడతలు పడి, నిగనిగలాడుతూ చిన్న బుడగల్లా ఉంటాయి. మూడేళ్ళ పిల్లలకు అవి చాక్లెట్ల కంటే అందంగా కనిపిస్తాయి. కుండీ మీద పెయింటుతో పెద్ద తెలుగక్షరాల్లో రాయండి. ఇంగ్లిష్ పేరున్న ప్లాస్టిక్ ముక్క గుచ్చితే మీకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

చిలకలు, పిట్టలు వీటిని హాయిగా తింటాయి. మిరపకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్ అనే పదార్థం మంట వాటికి తెలియదు. అవి రెట్టలో వదిలిన గింజలు పక్క కుండీల్లో, టమాటా మడిలో మొలుస్తాయి. మీరు నాటని మిరప మొక్క ఏదైనా కనిపిస్తే, అది ఏ రకమో తేలేదాకా దాని కాయ వంటలో వేయకండి. దాచిన విత్తనం విషయంలో కూడా ఇదే మాట. పక్కనే మామూలు మిరపో క్యాప్సికమో ఉంటే పుప్పొడి కలుస్తుంది. ఈ ఏడాది కాయలో తేడా ఉండదు కానీ, ఆ గింజ నాటితే వచ్చే ఏడాది వచ్చే కాయ ఎలా ఉంటుందో చెప్పలేం. క్యాప్సికంలా కనిపిస్తూ నోరు కాల్చేసే కాయ కాయవచ్చు.

కోసేటప్పుడు, తరిగేటప్పుడు

చేతులకు నూనె రాసుకుని మిరపకాయలు తరగడం మన అమ్మమ్మల పద్ధతి. సన్నం కాయలకు అది చాలు. ఇక్కడ దాన్ని నమ్ముకోవద్దు. క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది, కాబట్టి ఇంత ఘాటు కాయ దగ్గర ఆ నూనె చెయ్యే మంటను ఇల్లంతా మోస్తుంది. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి. మెడికల్ షాపుల్లో దొరికే నీలం రంగువి. పల్చటి లేటెక్స్ గ్లోవ్స్‌లోంచి కాసేపటికి మంట దిగుతుంది. కాయల్ని తొడిమతో సహా కత్తెరతో కోయండి, లాగితే కాయ చిట్లుతుంది. తరిగేటప్పుడు కళ్ళజోడు ఉంటే మంచిది. కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్ళు ఆ రోజంతా లెన్స్ జోలికి పోవద్దు. సబ్బుతో ఎంత కడిగినా వేలికొసన మిగిలినది లెన్స్‌కు అంటుతుంది.

ఘాటంతా గింజల్లోనే ఉంటుందనుకుని గింజలు దులిపేసి నిశ్చింతగా ఉండటం మనకు అలవాటు. అసలు క్యాప్సైసిన్ తయారయ్యేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో. రీపర్ లాంటి రకాల్లో అది కాయ లోపలి గోడకు కూడా పాకుతుంది. ఒక కాయను నిలువునా చీల్చి వెలుతురుకు పెట్టి చూడండి. లోపలి గోడ మీద పసుపుపచ్చటి సన్నటి నూనె బొట్లు చెమటలా మెరుస్తుంటాయి. గింజలు తీసేసినా ఆ చెమట అలాగే ఉంటుంది. కత్తికి అంటేది అదే, పీటకు అంటేది అదే. చెక్క పీట దాన్ని పీల్చుకుంటుంది, అందుకని స్టీలు ప్లేటు మీదే తరగండి. తరిగిన ప్లేటు, కత్తి ముందు చల్లటి నీళ్ళతో, గిన్నెల సబ్బుతో కడగాలి. వేడినీళ్ళు పోస్తే ఆవిరితో పాటు ఘాటు లేచి గొంతు పట్టేస్తుంది.

ఇంకో మాట, నాకిది చాలా ముఖ్యం. మన ఇళ్ళల్లో గిన్నెలు తోమేది చాలాసార్లు మనం కాదు. సింకులో వేసిన మిక్సీ జారును పనమ్మాయి వట్టి చేతులతో తోముతుంది. ఆ చేత్తోనే చెమట తుడుచుకుంటుంది, ఇంటికెళ్ళి పసిబిడ్డను ఎత్తుకుంటుంది. ఈ కాయలు తాకిన గిన్నెలు మనమే కడిగి పెట్టాలి. తొక్కలు, తొడిమలు ఆవుకు పెట్టే బకెట్లో వేయకూడదు. కవర్లో మూటగట్టి విడిగా చెత్తలో వేయండి.

వేయించడం, ఎండబెట్టడం, పొడి కొట్టడం

ఎండుమిర్చి మూకుట్లో వేస్తే వీధి చివరిదాకా దగ్గులే కదా. ఈ కాయను అలా వేయించడం అసలు చేయకూడని పని. మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ శాస్త్రవేత్తలు భూత్ జొలోకియాతో ఆందోళనకారుల్ని చెదరగొట్టే గ్రెనేడ్లు రూపొందించారు. ఏనుగులు పొలాల్లోకి రాకుండా అస్సాంలో కంచెలకు దీని ముద్ద పూసి చూశారు. అలాంటి కాయ పొగ అపార్ట్‌మెంట్ వంటగదిలో లేస్తే ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఊపిరాడదు. పొడి కంటే ముద్ద మేలు: ఉప్పు, వెనిగర్ వేసి మెత్తగా రుబ్బి చిన్న సీసాలో ఫ్రిజ్‌లో పెట్టుకుంటే గాలిలో ఎగిరేది ఉండదు. పొడే కావాలంటే ముఖానికి మాస్కు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని మిక్సీని మిద్దె మీదికో బాల్కనీలోకో తీసుకెళ్ళండి. ఆపగానే మూత తీయకుండా పావుగంట ఆగితే పొడి కిందికి దిగుతుంది. మూతకుండే రబ్బరు వాషరులో ఘాటు రోజుల తరబడి నిలుస్తుంది, కాబట్టి పిల్లలకు చట్నీ చేసే జారు దీనికి వాడొద్దు. మరపట్టించే కారంలో ‘నాలుగు కాయలు వేద్దాం, రంగు కూడా వస్తుంది’ అని కలపొద్దు. ఆ మరలో మీ తర్వాత ఇంకొకరి కారం పడుతుంది.

సీసా మీద పేరు రాసి, పోపుల డబ్బాకు, కారం డబ్బాకు దూరంగా పెట్టండి. అత్తగారో, చుట్టపుచూపుగా వచ్చిన పిన్నిగారో ఎర్రగా ఉంది కదా అని కూరలో చెంచాడు వేసే అవకాశమే ఉండకూడదు.

మిద్దె తోటవాళ్ళకు మరో ఆలోచన వస్తుంది, అగ్నిఅస్త్రం. పచ్చిమిర్చి, వెల్లుల్లి, పొగాకు, వేపాకు గోమూత్రంలో ఉడికించి పురుగులకు కొట్టే కషాయం ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళందరికీ తెలుసు. అందులో మామూలు మిర్చి బదులు ఈ కాయలు వేస్తే ఇంకా బాగా పనిచేస్తుందని ప్రయత్నించవద్దు. ఉడుకుతున్నప్పుడు వచ్చే ఆవిరి, కొట్టేటప్పుడు గాలికి వెనక్కి తిరిగే తుంపర రెండూ కళ్ళకు ప్రమాదం. పక్కింటి బాల్కనీలో ఆరేసిన బట్టల మీద పడితే వాళ్ళకు కారణం కూడా తెలియదు.

తినాలనుకుంటే

భూత్ జొలోకియా నాగాలాండ్, అస్సాం, మణిపూర్ ఇళ్ళల్లో తరతరాలుగా తింటున్న కాయ. నాగాలాండ్‌లో దీన్నే నాగా మిర్చి అంటారు, దానికి 2008లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. తెలిసినవాళ్ళు దీన్ని వాడే తీరు చూడండి. ఎండుచేపల చట్నీలో చిన్న ముక్క, వెదురు కొమ్ములతో వండిన పంది మాంసంలో ఒక కాయ. వాళ్ళకు కావాల్సింది దాని వాసన. పండిన కాయకు పండ్ల వాసన లాంటి మంచి పరిమళం ఉంటుంది, అది మన మిర్చిలో దొరకదు. మనం కూడా అలాగే వాడుకోవచ్చు. నలుగురికి సరిపడే పప్పుచారులో కోయని కాయను తొడిమతో సహా రెండు మూడు నిమిషాలు వేసి, చిట్లకముందే గరిటెతో తీసేయండి. లేదా పెసరగింజంత ముక్క రోటిపచ్చట్లో నూరండి. ఒకే చెట్టు కాయల్లో కూడా ఘాటు ఒకలా ఉండదు, నిన్నటి కొలత ఇవాళ్టికి పనికిరాదు. ప్రతి కాయకూ మళ్ళీ మొదటినుంచే రుచి చూసుకోవాలి.

పరగడుపున తినొద్దు. నోటి మంట తగ్గాక, గంటా రెండు గంటలకు కడుపులో మెలిపెట్టే నొప్పి మొదలవుతుంది. పెరుగన్నం తిన్నాక అయితే ఆ బాధ కొంత తక్కువ. అల్సర్, గ్యాస్, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళు, గర్భిణులు, పిల్లలు వీటి జోలికి రాకూడదు.

పందేలు అసలే వద్దు. 2023 సెప్టెంబర్‌లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో 14 ఏళ్ళ అబ్బాయి రీపర్, నాగా వైపర్ అనే మరో అతి ఘాటు మిరప పొడి చల్లిన ఒకే ఒక్క చిప్ పందెం కట్టి తిని అదే రోజు చనిపోయాడు. అతిగా క్యాప్సైసిన్ ఉన్న తిండి తిన్నాక గుండె ఆగిందని శవపరీక్షలో తేలింది. ఆ పిల్లాడికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంది. మన పిల్లల్లో ఎంతమందికి అలాంటి లోపం ఉందో మనకు తెలియదు. హాస్టల్లో రీల్స్ కోసం ఇవి తింటున్న పిల్లలుంటే కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పండి. 2018లో ఒక వైద్య పత్రికలో వచ్చిన కేసులో, రీపర్ తిన్న 34 ఏళ్ళ వ్యక్తికి మెదడు రక్తనాళాలు బిగుసుకుని భరించలేని తలనొప్పి వచ్చింది. అంతకుముందు భూత్ జొలోకియా తిని వాంతులు పట్టుకున్న మరో వ్యక్తికి అన్నవాహిక చిరిగింది.

మంట పుడితే

నోట్లో మంటకు నీళ్ళు పనిచేయవు, మంటను నోరంతా పరుస్తాయి. చల్లటి పాలు, పెరుగు, చిక్కటి మజ్జిగ పుక్కిట పట్టి ఉంచండి. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుని లాగేస్తుంది. అందుకే కాయ చేతిలోకి తీసుకోకముందే గిన్నెడు పెరుగు పక్కన ఉండాలి.

చేతులు మండితే ముందు కాస్త వంటనూనె రాసి, దూదితో తుడిచేసి, గిన్నెల సబ్బుతో రెండు మూడుసార్లు కడగండి. వేడినీళ్ళు తగలనివ్వకండి. మంట రాత్రంతా ఉండొచ్చు, తడిగుడ్డ చుట్టి ఉంచండి.

కంట్లో పడితే రుద్దకూడదు. చేతులు శుభ్రంగా కడుక్కుని, కుళాయి కింద కనీసం పావుగంట ధారగా నీళ్ళు పోయాలి. పాలు, నెయ్యి, చనుబాలు పోయమని పక్కనవాళ్ళు చెబుతారు, పోయకండి. చూపు మసకగా ఉన్నా, మంట తగ్గకపోయినా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

తిన్నవాళ్ళకు బలవంతంగా వాంతి చేయించకండి, వెళ్ళిన దారినే మళ్ళీ కాల్చుకుంటూ వస్తుంది. ఛాతీలో నొప్పి, ఆయాసం, పెదాలు ముఖం వాయడం, ఆగని వాంతులు, ఉరుము పడ్డట్టు ఒక్కసారిగా వచ్చిన తలనొప్పి, స్పృహ తప్పడం, వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం ఆపి 108కి ఫోన్ చేయండి. డాక్టర్‌కు ఏ రకం కాయ, ఎంత, ఎన్నింటికి తిన్నారో చెప్పండి. పేరు సరిగా గుర్తు లేకపోతే ఒక కాయను కవర్లో వేసి వెంట తీసుకెళ్ళండి.